గాలి రోజున గాలం



ఈ పాఠం చేపల వేట గురించి. అందులోనూ పెద్ద చేప గురించి. అందులోనూ గాలి బాగా వీచే రోజు గురించి.

"చేపల సంగతి మాకు చెప్పేదేందమ్మాయ్? మేం పుట్టిందే ఏటి ఒడ్డున" అని మీరు అనవచ్చు. నిజమే. మీకు తెలిసిందే ఎక్కువ. కానీ తెలిసిన దాన్ని చదువుకుంటే, రాసుకుంటే ఒక లాభం ఉంది. ఆ లాభం ఏమిటో పాఠం చివరకు మీకే తెలుస్తుంది.

1. పిన్ని చెప్పిన మాట

మాచర్ల దగ్గర కృష్ణ ఒడ్డున ఒక పల్లె. అక్కడ మా రాత్రి బడికి ఒక పిన్ని వచ్చేది. ఆమె భర్త సాగర్ నీళ్ళలో పుట్టి వేసుకుని చేపలు పట్టేవాడు. ఆమె బుట్టలో పెట్టుకుని మాచర్లకు పోయి అమ్మేది.

ఒక రోజు పిన్ని బడికి ఆలస్యంగా వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఏమైంది పిన్నీ?" అని అడిగాను.

"గాలి లేచింది టీచరమ్మా. గాలి రోజునే పెద్ద వాలుగ పడుద్దని మీ బాబాయి పుట్టి తీసుకుని మధ్యకు పోతానంటాడు. వద్దంటే వినడు. ఆయన ఒడ్డుకు వచ్చిందాకా నాకు ముద్ద దిగదు" అంది.

గాలి రోజున పెద్ద చేప పడుతుంది అన్న మాట నిజమేనా? నిజమైతే ఎందుకు? దాని కోసం నీటి మధ్యకు పోవాలా? ఆ రాత్రి మేమంతా ఈ మూడు ప్రశ్నల గురించే మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఈ పాఠం.

2. మన సాగరం

నాగార్జున సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న అప్పటి ప్రధాని జవహర్ లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ మన పల్నాడు వైపు వస్తుంది. దానికి జవహర్ కాలువ అని పేరు. ఎడమ కాలువ పేరు లాల్ బహదూర్ కాలువ.

జలాశయం నిండితే నీటిమట్టం 590 అడుగులు. అప్పుడు అది చిన్న సముద్రంలా ఉంటుంది. చెరువులో గాలి వీస్తే చిన్న అలలు వస్తాయి. పెద్ద జలాశయంలో గాలి చాలా దూరం అడ్డు లేకుండా పరుగెత్తుతుంది. గాలి ఎంత దూరం పరుగెత్తితే అల అంత పెద్దది అవుతుంది. చెరువులో పనికొచ్చిన ధైర్యం సాగర్ లో పనికిరాదు.

3. గాలి వస్తే చేప ఎటు పోతుంది?

వడ్లు తూర్పార పట్టేటప్పుడు ఏమవుతుంది? గాలి పొల్లును ఒక వైపుకు తోస్తుంది. నీళ్ళ మీద కూడా అంతే.

పడమటి గాలి వీచింది అనుకుందాం. అది పై నీటిని తూర్పు ఒడ్డుకు తోస్తుంది. నీటితో పాటు నాచు ముక్కలు, పురుగులు, సన్న మేత అన్నీ తూర్పు ఒడ్డుకు చేరతాయి. మేత కోసం పరిగెలు లాంటి చిన్న చేపలు అక్కడికి వస్తాయి. చిన్న చేపల కోసం పెద్ద చేప వస్తుంది.

ఇంకా మూడు సంగతులు ఉన్నాయి.

ఒకటి: నీళ్ళు కదిలితే పైన అద్దంలా ఉండదు. ఒడ్డున నిలబడిన మనిషి చేపకు సరిగా కనపడడు. పెద్ద చేపకు బెదురు తగ్గుతుంది.

రెండు: అలలు ఒడ్డును కొడితే నీళ్ళు బురదగా మారతాయి. అందులో చిన్న చేపకు పెద్ద చేప కనపడదు. వేటాడే చేపకు అది మంచి సమయం.

మూడు: అలల వల్ల గాలి నీటిలో కలుస్తుంది. ఎండాకాలంలో చేపలకు అది హుషారు ఇస్తుంది.

కాబట్టి బాబాయి మాట నిజమే. గాలి రోజున పెద్ద చేప కదులుతుంది. కానీ అది ఎటు వస్తుందో మళ్ళీ చదవండి. గాలి కొట్టే ఒడ్డుకు వస్తుంది. అంటే మన కాళ్ళ దగ్గరకే వస్తుంది. మరి పుట్టి వేసుకుని నీటి మధ్యకు పోవడం ఎందుకు?

4. వాలుగ, కొరమీను

మన నీళ్ళలో బొచ్చె, శీలావతి లాంటివి మెల్లగా మేత మేసే చేపలు. వాలుగ, కొరమీను వేటాడే చేపలు. ఇతర చేపలను, కప్పలను పట్టి తింటాయి.

వాలుగకు పొలుసు ఉండదు. నోరు పెద్దది. పళ్ళు వాడి. మూతి దగ్గర పొడుగు మీసాలు ఉంటాయి. ఒక మీటరు కంటే పొడుగు కూడా పెరుగుతుంది. పొద్దుగూకినాక ఎక్కువగా తిరుగుతుంది. బురద నీటిలో కళ్ళతో పని లేకుండా మీసాలతో వెతుక్కుంటుంది. గాలి కొట్టే ఒడ్డు దానికి నచ్చుతుంది.

కొరమీను దారి వేరు. దానికి నాచు, తామరాకులు, నిలకడ నీళ్ళు కావాలి. అది పైకి వచ్చి గాలి పీల్చుకునే చేప. గాలి రోజున కొరమీను కావాలంటే అలలు లేని మూల, గాలి మాటున ఉన్న మూల చూడాలి.

5. చెక్క చేప కథ

అమెరికాలో బాస్ అనే చేప ఉంది. అది కూడా మన కొరమీను లాగా పెద్ద నోరున్న వేట చేప. దాన్ని పట్టేందుకు అక్కడి వాళ్ళు చెక్కతో, ప్లాస్టిక్ తో చేప బొమ్మలు చేస్తారు. బొమ్మకు గాలాలు తగిలిస్తారు. అందులో ఒక రకం జానెడు పొడుగు ఉంటుంది. రెండు ముక్కలుగా చేసి నడుమ కీలు పెడతారు. మెల్లగా లాగితే కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి జారుతూ వస్తుంది. దాని పేరు గ్లైడ్ బెయిట్. గ్లైడ్ అంటే జారడం. బెయిట్ అంటే ఎర.

అంత పెద్ద ఎర ఎందుకు? పెద్ద చేప చిన్న ముద్ద కోసం కష్టపడదు. పైగా అలల్లో చిన్న ఎర కదలిక తెలియదు. చేపకు ఒంటి పక్కన ఒక గీత ఉంటుంది. నీటి కదలిక దానికి ఆ గీత ద్వారా తెలుస్తుంది. పెద్ద ఎర జారితే ఆ కదలిక అలల్లో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక నిజమైన కథ. అమెరికాలో జార్జియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ జార్జ్ పెర్రీ అనే కుర్ర రైతు ఉండేవాడు. అవి కరువు రోజులు. 1932 జూన్ 2న వాన పడి చేలో దున్నే పని లేదు. ఇంటికి కూర వస్తుందని స్నేహితుడితో కలిసి చేపలకు పోయాడు. చెక్క ఎర వేశాడు. పెద్ద బాస్ పడింది.

అతను దాన్ని ఊళ్ళో తూకం వేయించాడు. 22 పౌన్లు 4 ఔన్సులు. అంటే 10 కిలోల పైన. తూకం కాగితం మీద రాయించాడు. తర్వాత ఇంటికి తీసుకుపోయాడు. ఇంటిల్లిపాదీ వండుకుని తిన్నారు!

చేప మిగల్లేదు. రాత మిగిలింది. ఆ రాత వల్లే ప్రపంచంలో అతి పెద్ద బాస్ అదే అని అందరూ ఒప్పుకున్నారు. 77 ఏళ్ళ తర్వాత, 2009 జూలై 2న, జపాన్ లో బివా అనే సరస్సులో మనాబు కురిటా అనే ఆయన ఇంకొక చేప పట్టాడు. దాని బరువు సుమారు 30 గ్రాములు ఎక్కువ. కానీ 2 ఔన్సులు, అంటే దాదాపు 57 గ్రాములు ఎక్కువ ఉంటేనే పాత రికార్డు పోతుందని నియమం. అందుకని ఇద్దరూ సమానం అన్నారు. ఆయన బతికున్న చిన్న చేపను ఎరగా వేశాడు. మనవాళ్ళు పరిగెను గుచ్చి వేసినట్టే.

6. గాలిలో గాలం ఎలా వేయాలి?

గాలి కొట్టే ఒడ్డున నిలబడితే గాలి ముఖానికి కొడుతుంది. విసిరిన ఎర వెనక్కి వస్తుంది. దారం విల్లులా వంగుతుంది. చేప కొరికినా చేతికి తెలియదు. అందుకని ఇలా చేయాలి.

- ఎర కాస్త బరువుగా ఉండాలి. తేలికగా ఉంటే కొంచెం సీసం కట్టాలి.
- ఎత్తుగా విసరకూడదు. పక్క నుంచి, నీటికి దగ్గరగా విసరాలి.
- గాలికి ఎదురుగా కాకుండా ఒడ్డు వెంబడి, కొంచెం ఏటవాలుగా వేయాలి. చేప కూడా ఒడ్డు వెంబడే తిరుగుతుంది.
- వేసిన వెంటనే వదులు దారం లాక్కోవాలి. కర్ర కొనను నీటికి దగ్గరగా దించాలి. దారం మీద ఒక వేలు ఉంచాలి.
- మెల్లగా లాగాలి. ఆపాలి. మళ్ళీ లాగాలి. పెద్ద చేప వెంట పడి వస్తుంది. ఎర ఆగినప్పుడే ఎక్కువగా నోరు వేస్తుంది.
- దారాన్ని చేతికి చుట్టుకోవద్దు. పెద్ద చేప గుంజితే వేలు తెగుతుంది. మనిషినీ నీళ్ళలోకి లాగుతుంది.
- వాలుగ నోట్లో వేలు పెట్టి గాలం తీయవద్దు. పట్టుకారుతో తీయాలి.

7. ప్రాణం కంటే చేప ఎక్కువ కాదు

అలల తలల మీద తెల్లని నురగ కనపడితే పుట్టి దించవద్దు. పుట్టి గుండ్రంగా ఉంటుంది. గాలికి తిరిగిపోతుంది. లోపల మనిషి లేచి నిలబడితే బోల్తా పడుతుంది.

ఎండాకాలంలో సాయంత్రం పడమర నల్లగా కమ్మితే గాలివాన వస్తుంది. అది చెప్పి రాదు. ఉరుము వినపడగానే నీళ్ళలో ఉన్నవాళ్ళు ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు చెట్టు కింద నిలబడకూడదు.

పుట్టిలో పోయేవాళ్ళకు లైఫ్ జాకెట్ ఉండాలి. అది లేనప్పుడు మూత గట్టిగా బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను ఒకటైనా దగ్గర ఉంచుకోవాలి. జాకెట్ తో అది సమానం కాదు, కానీ పట్టుకుంటే తేలవచ్చు.

ఆనకట్ట దిగువన బండల మీద కూర్చుని గాలం వేసేవాళ్ళు జాగ్రత్త. గేట్లు ఎత్తితే నీళ్ళు ఒక్కసారిగా వస్తాయి. సైరన్ వినపడితే గాలం వదిలేసి పైకి రావాలి.

ఆపద వస్తే ఫోన్ నంబరు 112. అంబులెన్సుకు 108. ఈ రెండు అంకెలూ గోడ మీద రాసుకోండి.

వాలుగలు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. చిన్న వాలుగ పడితే వదిలేయండి. వానాకాలంలో కొరమీను తన పిల్లల గుంపును కాపలా కాస్తుంది. ఎర్రగా గుంపుగా తిరిగే పిల్లలు కనపడితే అక్కడ గాలం వేయవద్దు. తల్లిదండ్రులు పోతే వందల పిల్లలు పోతాయి.

8. ఆ రాత్రి తర్వాత

పిన్ని ఇంటికి పోయి భర్తతో చెప్పింది. "చేప ఒడ్డుకే వస్తుందంట. నువ్వు మధ్యకు పోయి చేసేదేంది? ఇక్కడే వెయ్యి" అంది. ఆయన నవ్వాడు. "రాత్రి బడిలో చేపలు పట్టడం నేర్పుతున్నారా?" అన్నాడు. కానీ ఆ రోజుకు పుట్టి దించలేదు. ఒడ్డునే కూర్చున్నాడు.

ఆ రాత్రి ఒక్క చేప కూడా పడలేదు. మరునాడు పిన్ని నాతో ఏమందో తెలుసా? "చేప పడకపోతే పోయింది టీచరమ్మా. మనిషి ఇంట్లో ఉన్నాడు. ఇద్దరం పచ్చి మిరపకాయ కారంతో అన్నం తిన్నాం" అంది.

మూడో రోజు మళ్ళీ గాలి లేచింది. ఒడ్డునే వాలుగ పడింది. పిన్ని దాన్ని మాచర్ల తీసుకుపోయింది. కొనే మనిషి కాటాలో వేసి "నాలుగు కిలోలు" అన్నాడు. పిన్ని కాటా అంకె చూసింది. "4 పక్కన చుక్క, చుక్క పక్కన 3 ఉంది కదన్నా. అది 4 కిలోల 300 గ్రాములు. లెక్క కట్టు" అంది. అతను మారు మాట్లాడకుండా లెక్క కట్టాడు.

ఇప్పుడు పిన్ని ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉంది. అందులో తేదీ, గాలి, చోటు, ఎర, తూకం రాస్తుంది. వేటకు మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సు కూడా అదే పుస్తకంలో పెట్టుకుంది. దాని గడువు తేదీ తనే చదువుతుంది.

నోరు చెప్పింది నాలుగు రోజులకు మరుస్తాం. రాసుకున్నది నిలుస్తుంది. పాఠం మొదట్లో చెప్పిన లాభం ఇదే.

పుస్తకంలో ఇలా రాయండి

తేదీ: జూన్ 20. గాలి: పడమటి గాలి, నురగ లేదు. చోటు: తూర్పు ఒడ్డు. ఎర: పరిగె. చేప: వాలుగ. తూకం: 2 కిలోల 500 గ్రాములు.

జవాబులు చెప్పండి

1. తూర్పు గాలి వీస్తే చిన్న చేపలు ఏ ఒడ్డుకు చేరతాయి?
2. గాలి రోజున కొరమీనును ఎక్కడ వెతకాలి?
3. దారాన్ని చేతికి ఎందుకు చుట్టుకోకూడదు?
4. అల మీద నురగ కనపడితే ఏం చేయాలి?

లెక్క చేయండి

కిలో 200 రూపాయలు అనుకుందాం. 4 కిలోల 300 గ్రాముల చేపకు ఎంత రావాలి? 4 కిలోలకే లెక్క కడితే ఎంత నష్టం?

రాయండి

మీ ఇంట్లో ఎవరైనా నీటి మీద పని చేస్తారా? వాళ్ళు ఇల్లు చేరేవరకు మీ మనసు ఎలా ఉంటుంది? ఐదు వాక్యాలు రాయండి. రాసింది ఇంట్లో వాళ్ళకు చదివి వినిపించండి.