బానెట్టు బాగు చేద్దాం

ట్రాక్టరు ముందు భాగంలో ఇంజను ఉంటుంది. ఇంజను మీద ఉండే మూతను బానెట్టు అంటారు. బానెట్టు అందం కోసం పెట్టింది కాదు. వాన నీరు, దుమ్ము, ఊక ఇంజను మీద పడకుండా ఆపుతుంది. లోపల ఫ్యాను తిరుగుతుంది. బెల్టు తిరుగుతుంది. వాటికి చేయి, జడ, చీర చెంగు తగలకుండా కాపాడుతుంది.

కృష్ణా డెల్టాలో ఒక ఊరు. నాట్ల కాలం. రాత్రి గాలివానకు వేపకొమ్మ విరిగి ట్రాక్టరు మీద పడింది. బానెట్టు సొట్టపోయింది. ఒక అంచు చిరిగింది. మూత సరిగా మూసుకోవడం లేదు.

"మూత తీసేసి దమ్ముకు తోలుకుపోతాను. నాట్లయ్యాక చూద్దాం" అన్నాడు ఇంటాయన.

భార్య ఒప్పుకోలేదు. "పొలంలో బండి దగ్గరికి అన్నం తెచ్చేది నేనే కదండీ. చెంగు ఫ్యానులో పడితే ఎంతసేపు? పిల్లలూ బండి చుట్టూనే తిరుగుతారు" అంది.

"కోడలు చెప్పింది నిజమేరా. పోయేది ఒక పూట పని. పోతే రాని ప్రాణం కాదు గదా" అంది అత్త.

అతను పానా తీసుకువచ్చాడు.

బానెట్టు విప్పడం

ఇంజను ఆపి తాళం చెవి తీశారు. బండిని చదునైన చోట నిలిపి బ్రేకు వేశారు. ఇంజను చల్లారేదాకా ఆగారు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకూడదు. మరిగే నీరు మొహం మీదికి చిమ్ముతుంది.

తర్వాత బ్యాటరీ తీగలు విప్పారు. ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ. లైట్ల తీగలు ఊడదీసేటప్పుడు కోడలు ఒక్కొక్క దానికి కాగితం చీటీ కట్టింది. "కుడి", "ఎడమ" అని రాసింది. బోల్టులన్నీ ఒక గిన్నెలో వేసింది. బానెట్టును ఇద్దరూ చెరో వైపు పట్టి దింపారు.

సొట్ట తీయడం

సబ్బు నీళ్లతో బురద, జిడ్డు కడిగి ఆరబెట్టారు. నేల మీద ఇసుక మూట పరిచి, దానిపై బానెట్టును బోర్లించకుండా తిరగవేశారు. అంటే లోపలి వైపు పైకి వచ్చింది. లోపలి నుండి కొయ్య సుత్తితో మెల్లగా కొట్టారు. ముందు సొట్ట అంచుల దగ్గర కొట్టాలి. తర్వాత మధ్యకు రావాలి. గట్టిగా ఒకే చోట కొడితే రేకు సాగిపోతుంది. సాగిన రేకు మళ్లీ సులువుగా చదును కాదు.

కొన్ని కొత్త ట్రాక్టర్లకు ఫైబరు బానెట్టు ఉంటుంది. దాన్ని సుత్తితో కొట్టకూడదు. పగిలిపోతుంది.

చిరుగుకు అతుకు

చిరుగు చివర డ్రిల్లుతో చిన్న బెజ్జం వేశారు. అలా వేస్తే చిరుగు ఇంకా ముందుకు పాకదు. చిరుగు కంటే నాలుగు వైపులా ఒక అంగుళం ఎక్కువగా రేకు ముక్క కత్తిరించారు. దాన్ని లోపలి వైపు పెట్టి చిన్న బోల్టులతో బిగించారు.

చిరుగు పెద్దదైతే వెల్డింగు చేయించాలి. అప్పుడు బానెట్టును ఒక్కదాన్నే షాపుకు తీసుకువెళ్లాలి. చాలా ట్రాక్టర్లలో డీజిలు ట్యాంకు బానెట్టు కిందే ఉంటుంది. ట్యాంకు దగ్గర వెల్డింగు చేస్తే మంటలు లేస్తాయి. ట్యాంకు ఖాళీగా ఉందని కూడా చేయకూడదు. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.

తుప్పు, రంగు

ఇంటాయన ఉప్పు కాగితంతో పాత రంగు గీకబోయాడు. చిన్న పిల్ల దగ్గరికి వచ్చింది. కోడలు పిల్లను అత్తకు ఇచ్చి పంపేసింది.

పాత రంగులో సీసం ఉండవచ్చు. ఆ దుమ్ము నోట్లోకి పోతే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదు. ఈ నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అది ఇళ్ల రంగులకే. బండి మీది పాత రంగుకు జాగ్రత్త తప్పదు.

అందుకే పొడిగా గీకలేదు. వాటర్ పేపరును నీళ్లలో తడిపి రుద్దారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు. రాలిన మడ్డిని కాగితంలోకి ఎత్తారు. చేతులు కడుక్కున్నాకే అన్నం తిన్నారు. ఆ బట్టలు విడిగా ఉతికారు.

తడి రేకును వెంటనే తుడిచి ఆరబెట్టాలి. లేకపోతే మళ్లీ తుప్పు పడుతుంది. ఆరాక రెడ్ ఆక్సైడు పూశారు. డబ్బా మీద రాత ఇంగ్లీషులో ఉంది. కానీ మంట బొమ్మ ఉంది. అది చూసి కోడలు పొయ్యి ఆర్పింది. "బీడీ దూరంగా పెట్టండి" అంది. రంగు బయట గాలిలోనే వేశారు.

తిరిగి బిగించడం

రెడ్ ఆక్సైడు ఆరాక బానెట్టు ఎక్కించారు. కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు వేశారు. దాంతో గడగడ చప్పుడు రాదు. చీటీలు చూసి లైట్ల తీగలు కలిపారు. ఏ తీగా ఫ్యానుకు తగలకుండా చూశారు. బ్యాటరీకి ఈసారి ముందు ప్లస్, తర్వాత మైనస్ తగిలించారు. మూత గట్టిగా పడిందో లేదో లాగి చూశారు.

సాయంత్రం బండి దమ్ముకు వెళ్లింది. పై రంగు నాట్లయ్యాక వేసుకున్నారు. ముందు మూత గట్టిగా ఉండాలి. అందం తర్వాత.

గుర్తుంచుకోండి

1. బానెట్టు లేకుండా ట్రాక్టరు నడపకూడదు.
2. ఇంజను ఆగి, చల్లారాకే చేయి పెట్టాలి.
3. డీజిలు ట్యాంకు దగ్గర వెల్డింగు వద్దు.
4. రంగు గీకే చోట పిల్లలు ఉండకూడదు.

జవాబులు రాయండి

1. బానెట్టు వల్ల ఏమి ఉపయోగం?
2. కోడలు తీగలకు చీటీలు ఎందుకు కట్టింది?
3. బ్యాటరీ తీగలు విప్పేటప్పుడు ఏది ముందు తీయాలి?
4. మీ ఇంట్లో రంగు, మందు డబ్బాల మీద ఏ బొమ్మలు ఉన్నాయి? చూసి రాయండి.