ఒక స్థానము – ఇద్దరు ఆటగాండ్రు

ఆటలోని గెలుపోటములను ఊరంతయు చూచును. జట్టును ఎన్నుకొను ఘడియను మాత్రము పదిమందియైనను చూడరు. కాని అనేక పర్యాయములు ఆట అచ్చటనే సగము తేలిపోవును. ఒక స్థానమునకు తగినవాడు ఒక్కడే యున్నచో ఎన్నువానికి చిక్కు లేదు. తగినవాడు ఎవ్వడును లేనిచో ఉన్నవానితో సరిపెట్టుకొనవచ్చును. ఇద్దరును యోగ్యులై, ఇద్దరును చిన్నవారై, స్థానము ఒక్కటియే యైనప్పుడు పరీక్ష ఆటగాండ్రకు గాక ఎన్నువానికే కలుగును.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల యున్నది. కృష్ణకు ఆవలి వైపున వనపర్తి, దానికి ఈశాన్యముగా నాగర్‌కర్నూలు ఉన్నవి. పూర్వము ఈ మూడును మహబూబునగరు జిల్లాలోనివి. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. ఈ సీమలోని పల్లెలలో పిల్లలు కబడ్డీ ఆడుదురు. దానికి బ్యాటు అక్కరలేదు, బంతి అక్కరలేదు. కొంచెము నేల, నాలుగు గీతలు, గుండెనిండ ఊపిరి యున్న చాలును.

ఇట్టి పల్లెలలోని ఒక ఉన్నత పాఠశాలను ఊహింపుడు. పోటీలు దగ్గరపడినవి. బరిలో నిలువవలసిన ఏడుగురిలో ఆరుగురు కుదిరిరి. ఎడమ మూల నిలుచు స్థానమొక్కటి మిగిలినది. దానికి ఇద్దరు బాలురు పోటీ పడుచున్నారు. మొదటివాడు పొడగరి, బలిష్ఠుడు. వానికి చిక్కినవాడు తప్పించుకొనిపోవుట అరుదు. రెండవవాడు సన్ననివాడు, పొట్టివాడు. కాని కూతకు వచ్చినవాని పాదములపైనుండి చూపు మరల్చడు. వ్యాయామోపాధ్యాయుడు ఎవనిని ఎన్నుకొనవలెను?

చూచువారిలో పెక్కుమంది మొదటివానినే చూపుదురు. బలము కంటికి కనబడును, ఓర్పు కనబడదు. కాని మూలలో నిలుచువాని పని ఎట్టిదో విచారింపుడు. కూతకు వచ్చినవాడు ముప్పది క్షణములలో పని ముగించుకొని తన గీత చేరవలెను. మూలవాడు వానిని లోపలికి రానిచ్చి, వాడు వెనుదిరుగు అదను కనిపెట్టి, చీలమండను ఒడిసి పట్టవలెను. ఒక్క లిప్త ముందు దూకినచో వాడు తాకి పోవును. ఒక్క లిప్త ఆలస్యమైనచో గీత దాటును. ముందుగా దూకినవాడు తాను బయటికి పోవుటయేగాక తన జట్టును ఆరుగురికి దించును. కావున అచ్చట బలమునకంటె నిదానమే ముఖ్యము. పట్టినవానిని నిలుపుటకు ప్రక్కవారు వచ్చి చేయి కలుపుదురు. కాని పట్టవలసిన క్షణమును మూలవానికి ఎవ్వరును అరువీయలేరు.

కనుక ఎన్నువాడు మొదట వేసికొనవలసిన ప్రశ్న “ఇద్దరిలో గొప్పవాడెవడు?” అనునది కాదు, “ఈ స్థానమునకు కావలసిన గుణమేది?” అనునది. రెండవ ప్రశ్నకు ఉత్తరము దొరకినపిమ్మట మొదటి ప్రశ్న చాలవరకు దానంతట అదియే సమసిపోవును. ఇంకొక సంగతి: ఇద్దరిని ఒకే తీరున పరీక్షింపవలెను. ఒకనిని గట్టివారి కూతకు ఎదురుగా, మరియొకనిని బలహీనుల కూతకు ఎదురుగా నిలిపి తీర్పు చెప్పుట న్యాయము కాదు. అదే ఆరుగురి ప్రక్కన, అవే కూతలకు, ఒక్కనాడు గాక పలు దినములు ఇద్దరిని నిలిపి చూడవలెను. ఒక్కనాటి ఆటలో అదృష్టమునకు పాలు హెచ్చు. పది దినముల ఆటలో అభ్యాసమునకు పాలు హెచ్చు.

చిన్నవారిని ఎన్నుకొనునప్పుడు మరియొక చిక్కు కలదు. ఒకే సంవత్సరమున జనవరిలో పుట్టిన బాలుడును, డిసెంబరులో పుట్టిన బాలుడును ఒకే వయోవర్గములో ఆడుదురు. ఇద్దరి నడుమ పదునొకండు మాసముల ఎడముండును. పెద్దలలో అది లెక్కింపదగినది కాదు. పదుమూడేండ్లవారిలో అది ఎత్తునందును, బరువునందును కొట్టవచ్చినట్లు కనబడును. 1980వ దశకమున కెనడా దేశపు మంచు హాకీ ఆటగాండ్ర జన్మదినములను పరిశీలించిన విద్వాంసులు, ఎంపికయైనవారిలో సంవత్సరపు మొదటి మాసములలో పుట్టినవారే అధికముగా నుండుట కనుగొనిరి. పెద్దవాడగుటచే ఎంపికయైన బాలునికి మంచి శిక్షణ దొరకును; శిక్షణచే వాడు నిజముగనే మెరుగగును. విడువబడినవాడు ఆటనే మానును. నేడు కనబడు బలము ప్రతిభయో, కొన్ని మాసముల వయస్సో తెలిసికొనక తీర్పు చెప్పరాదు.

స్థానమునకు తగినవానిని ఎన్నుకొనుటలో మన హైదరాబాదు ఉపాధ్యాయుడొకడు దేశమునకే దారి చూపెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన ఆయన హైదరాబాదులోని పాఠశాలలలో పాఠములు చెప్పెను. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ నొసగెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచినది. భారత జట్టునకును ఆయనయే గురువు.

1962లో జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరిగెను. మొదటి ఆటలోనే భారత జట్టు దక్షిణ కొరియా చేతిలో రెండు గోలులతో ఓడినది. పిదప తేరుకొని ఫైనలుకు చేరగా, ఎదుట నిలిచినది మరల ఆ కొరియాయే. అప్పుడు రహీముగారికి ఒక సమస్య కలిగెను. జట్టులో గోలు కాచువారు ఇద్దరు: ప్రద్యుత్ బర్మన్, పీటర్ తంగరాజ్. ఇద్దరును ముప్పదియేండ్లు నిండనివారే. సెమీఫైనలులో గోలు కాచినవాడు బర్మన్. తంగరాజ్ జ్వరపడి కోలుకొనుచుండెను. ఆడుచున్నవానిని మార్చుట ఏల అని ఎవరైనను అనవచ్చును. కాని బంతిని ఎత్తుగా పంపి గోలుముఖమున ఆడుట కొరియావారి పద్ధతి. తంగరాజ్ ఆరడుగులు మించిన పొడగరి. రహీం ఆనాటి ఆటకు కావలసిన గుణమేదో విచారించి తంగరాజ్‌ను నిలిపెను.

ఆ జట్టులోనే జర్నైల్ సింగ్ అను గొప్ప రక్షకుడుండెను. థాయిలాండుతో జరిగిన ఆటలో అతని తలకు గాయమై కుట్లు పడెను. రహీం అతనిని వెనుక వరుసనుండి తప్పించి ముందు వరుసలో నిలిపెను. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన ఫైనలులో మొదటి గోలు పి.కె. బెనర్జీ చేయగా, రెండవది జర్నైల్ సింగ్ చేసెను. భారత జట్టు 2–1 గోలులతో గెలిచి స్వర్ణపతకము నందుకొనెను. అప్పటికే వ్యాధిగ్రస్తుడైన రహీం మరుసటి యేడు, 1963 జూనులో కన్నుమూసెను.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. సికింద్రాబాదులోని క్లబ్బులలో ఆట నేర్చిన తంగరాజ్ మొదట గోలు కాచువాడు కాడు. ముందు వరుసలో గోలులు చేయువాడు. ఒక స్థానమున కుదురుకొనని బాలుడు మరియొక స్థానమున దేశమునకు వెలుగు కావచ్చునని అతని జీవితమే చెప్పుచున్నది. స్థానము దక్కనివానిని ఆటకే తగడనుకొనుట ఎంత పొరపాటో చూడుడు.

ఎంపికకు మరియొక ముఖము కూడ కలదు. 1947లో హైదరాబాదున జన్మించిన పోచయ్య కృష్ణమూర్తి వికెట్లవెనుక నిలుచు క్రికెట్ ఆటగాడు. 1971లో భారత జట్టు వెస్టిండీసుకు పోయినప్పుడు, పేరుమోసిన ఫరూఖ్ ఇంజనీరును కాదని ఇద్దరు క్రొత్తవారిని తీసికొనిపోయిరి: కృష్ణమూర్తి, బెంగాలు ఆటగాడు రూసీ జీజీభాయ్. స్థానము ఒక్కటి. అది కృష్ణమూర్తికి దక్కెను. అయిదు టెస్టులలోను అతడే వికెట్లవెనుక నిలిచెను. ఆ దేశముపై భారతమునకు మొట్టమొదటి సిరీసు విజయము అప్పుడే లభించినది. జీజీభాయ్‌కి మాత్రము ఆనాడే గాక మరెన్నడును టెస్టు ఆడు అవకాశము కలుగలేదు.

కాని కృష్ణమూర్తి బ్యాటుతో సాధించిన పరుగులు మిక్కిలి తక్కువ. ఆ వేసవిలోనే ఇంగ్లండుతో జరిగిన టెస్టులకు ఇంజనీరు తిరిగి వచ్చెను. కృష్ణమూర్తియు, బెంగుళూరు యువకుడు సయ్యద్ కిర్మానీయు జట్టుతో పోయియు ఆ టెస్టులను వెలుపలనుండి చూచిరి. 1976లో న్యూజిలాండునకు పోయిన జట్టులో ఆ ఇద్దరును ఉండిరి. ఈ పర్యాయము టెస్టులలో స్థానము కిర్మానీకి దక్కెను. తన రెండవ టెస్టులోనే అతడు ఒక ఇన్నింగ్సులో ఆరుగురిని వెనుకకు పంపెను. మొత్తముపై 88 టెస్టులు ఆడెను. 1983లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో నిలిచెను. కృష్ణమూర్తి మరల టెస్టు ఆడలేదు. ఐనను అతడు ఆట మానలేదు. 1970వ దశకపు చివరివరకు హైదరాబాదు జట్టునకు వికెట్లు కాచెను.

ఈ కథలో తప్పు చేసినవారెవ్వరును కనబడరు. ఐనను ఒకనికి తలుపు తెరచుకొన్నది, ఒకనికి మూసికొన్నది. ఎన్నువాని నోటిమాటకు ఒక యౌవనపు ఆశ అంతయు వ్రేలాడుచుండును. అందుచేత ఎన్నువాడు తీర్పుతోపాటు కారణమును గూడ చెప్పవలెను. పూర్వము గద్వాల, వనపర్తి సంస్థానములలో పండితులను నిండు సభలో పరీక్షించి సత్కరించుచుండిరి. గెలిచినవాని విద్యయు, ఓడినవాని విద్యయు సభికులు వినిన పిమ్మటనే సత్కారము జరిగెడిది. ఆట మైదానమున కూడ అదే మర్యాద చెల్లవలెను. మామ కొడుకని, ఊరి పెద్ద కొడుకని, తరగతిలో మొదటివాడని చాటున ఎన్నినచో, ఎన్నబడినవానికి గౌరవము దక్కదు. విడువబడినవానికి తన లోపము తెలియదు.

మన వ్యాయామోపాధ్యాయుడు ఇవన్నియు విచారించి సన్నని బాలుని ఎడమ మూల నిలిపెననుకొందము. పొడగరిని పిలిచి, “నాయనా, నీ పట్టు గట్టిది, నీ తొందర దానిని చెరుపుచున్నది. మూల నీది కాదు. ప్రక్క స్థానమున నిలిచి, మూలవాడు పట్టినవానిని నిలిపివేయుట నేర్చుకొమ్ము. ఆ స్థానము ఖాళీయైననాడు నిన్నే చూతును” అని చెప్పవలెను. అట్లు చెప్పినచో వాడు ఆ సాయంకాలము ఇంటికి బాధతో పోవచ్చును గాని దారి తెలియక పోడు.

విద్యార్థులారా! మీలో కొందరు ఎన్నబడుదురు, అనేకులు ఎన్నబడరు. ఎన్నబడినవాడు తాను నిలిచిన చోట మరియొకడు నిలువగోరెనని మరువరాదు. ఆ స్మృతియే వానిని అభ్యాసమున ఉంచును. ఎన్నబడనివాడు కారణమును అడిగి తెలిసికొనవలెను. అడుగుట అవమానము కాదు. తెలిసికొన్న లోపమును దిద్దుకొనవచ్చును. తెలియని లోపము వెన్నంటియే యుండును. ఇక మీరు పెద్దవారై ఇతరులను ఎన్నుకొను పదవిలో ఉన్ననాడు, ఎదుట నిలిచిన ఇద్దరిని ఒకే కంటితో చూచి, కారణమును పైకి చెప్పగలిగిన తీర్పునే చెప్పుడు.

ప్రశ్నలు

1. కబడ్డీలో మూల నిలుచువానికి బలముకంటె నిదానము ముఖ్యమనుటకు కారణమేమి?

2. ఒకే వయోవర్గములోని బాలురను పోల్చునప్పుడు జన్మమాసమును ఏల గమనింపవలెను?

3. 1962 ఫైనలులో రహీం గోలు కాచువానిని ఏల మార్చెను?

4. కృష్ణమూర్తి కథవలన ఎన్నువారును, ఆటగాండ్రును నేర్చుకొనదగినదేమి?

5. మీ పాఠశాలలో ఒక స్థానమునకు ఇద్దరు పోటీపడినచో మీరు ఎట్లు తీర్పు చెప్పుదురో పది వాక్యములలో వ్రాయుడు.