అర్హతకు తగని ఉద్యోగం: విశ్వాసి వైఖరి

ఆ మధ్య ఇషా నమాజు తర్వాత ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఎం.కాం. చదివాడు. ఒక ఆఫీసులో బిల్లులు ఎక్కించే పని చేస్తున్నాడు. "మౌలానా సాబ్! ఈ పనికి ఇంటర్ చాలు. పైగా నా తర్వాత చేరినవాడు మేనేజరు చుట్టూ తిరిగి పై పోస్టు కొట్టేశాడు. పొద్దున ఆఫీసుకు వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు" అన్నాడు.

సోదర సోదరీమణులారా! ఈ మాటలో రెండు బాధలున్నాయి. చదువుకు విలువ దక్కలేదన్నది మొదటిది. అన్యాయం జరిగిందన్నది రెండోది. మొదటి బాధను మనిషి ఎలాగో భరిస్తాడు. రెండోది తోడైతే శ్రమకు ఫలితం ఉంటుందన్న నమ్మకమే పోతుంది. ఇక పనిలో తృప్తి ఎక్కడిది?

పోలికతో పెరిగే బాధ

రెండవ ప్రపంచ యుద్ధకాలపు అమెరికా సైనికులపై స్టాఫర్ బృందం చేసిన అధ్యయనం 1949లో వెలువడింది. పదోన్నతులు త్వరగా వచ్చే వైమానిక దళంలోనే వాటి గురించి అసంతృప్తి ఎక్కువ! అవి అరుదైన మిలిటరీ పోలీసుల్లో తక్కువ. తోటివారు ఎదుగుతుంటే మనం ఆగిపోవడమే మనసును కోస్తుందన్నమాట.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఆదర్శం

అన్నల అసూయ ఆయన్ను బావిలో పడేసింది. బానిసగా అమ్ముడుపోయారు. చేయని తప్పుకు చెరసాల పాలయ్యారు. అంతటి జ్ఞానికి అది తగిన చోటా? అయినా అక్కడి ఖైదీల కలలకు అర్థం చెప్పారు, హితబోధ చేశారు. రాజు పిలిచినప్పుడు ముందు తనపై పడిన నింద గురించి విచారించమన్నారు. ఆ తర్వాతే తన అర్హత చెప్పి, దేశ ఖజానాల బాధ్యత అడిగారు.

కనుక చేతిలో ఉన్న పనిని చులకన చేయరాదు. అర్హత ఉంటే అడగడం దోషం కాదు. సబ్ర్ అంటే నోరు మూసుకుని కుమిలిపోవడం కాదు.

మన నాలుక సంగతేమిటి?

హుజురాత్ సూరా 12వ ఆయత్ దురనుమానాన్ని, కూపీలు లాగడాన్ని, పరోక్ష నిందను నిషేధించింది. ఆఫీసు రాజకీయాలు నిలిచేది ఈ మూడింటిపైనే కదా! మేం ఆ యువకుణ్ణి అడిగాం: "టీ తాగేటప్పుడు అతని గురించి మీరేం మాట్లాడుకుంటారు బాబూ?" అతను తల దించుకున్నాడు.

"రేపటి నుంచి ఆ మాటలు మానండి. మీ అర్హతలు రాసి, పై పోస్టు కోసం దరఖాస్తు ఇవ్వండి. న్యాయం దొరక్కపోతే మరో చోట వెతుక్కోండి, అది హలాలే. అక్కడున్నంత కాలం మాత్రం పని అమానత్" అని చెప్పాం.

యజమానులకూ ఒక మాట. అమానతులను అర్హులకే అప్పగించాలన్నది ఖుర్ఆన్ ఆదేశం. పదవి కూడా అమానతే. ముఖస్తుతి చూసి ఇస్తే రేపు దైవన్యాయస్థానంలో జవాబు చెప్పాలి.

ఆ యువకుడి దరఖాస్తుకు ఇంకా జవాబు రాలేదు. కానీ ఇప్పుడు తేలికైన మనసుతో ఇంటికి వస్తున్నానన్నాడు.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌ను, మనసులకు తృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.