ఇంటిపని: పిల్లలకు వేడుకయా, వెట్టియా?

సాయంసమయమున ఏ గ్రామములో ఏ వీధి వెంట నడచినను మనకొక దృశ్యము కానవచ్చును. ఒక ఇంటి అరుగుమీద ఒకటవ తరగతి చదువు పిల్ల పలక ముందు పెట్టుకొని అక్షరములు దిద్దుచుండును. దిద్దిన ప్రతి అక్షరమును వంటయింటిలోని తల్లికి చూపి రావలెను. దారిన పోవు పెద్దలకును చూపవలెను. అదే అరుగుమీద ఎనిమిదవ తరగతి చదువు అన్న గోడకానుకొని, పుస్తకములోని జవాబులను నోటుబుక్కులోనికి ఎక్కించుచుండును. వాని చూపు వీధిలోని ఆటమీద నుండును. చేయి మాత్రము వ్రాయుచుండును. చెల్లెలికి వేడుకయైన పని అన్నకు వెట్టి ఎట్లయ్యెను? ఈ ఏడేండ్లలో ఏమి జరిగెను?

ఈ ప్రశ్న ఉపాధ్యాయులకు మాత్రమే సంబంధించినది కాదు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య వానిలో ఒకటి, గ్రంథాలయములు మరియొకటి. కావున పిల్లవాని చదువు పంచాయతీ గడపలోపలి విషయమే.

పైగా ఇందలి నష్టము చిన్నది కాదు. చదువుపై విసుగు పుట్టిన పిల్లవాడు మొదట ఇంటిపని మానును. చేయని పనికి చీవాట్లు తప్పవని తలచి మరునాడు బడికే పోడు. కొంతకాలమునకు పత్తిచేనిలోనో, మేకల వెంటనో కానవచ్చును. ఆడపిల్లయైనచో ఇంటిలో పెండ్లిమాటలు మొదలగును. బడి మానుట ఒక్కనాడు జరుగునది కాదు. దానికి ముందు ఇట్టి చిన్న గుర్తులు కానవచ్చును; వానిని ముందుగా కనిపెట్టుట మన కర్తవ్యము.

ఉత్సాహము ఏల తగ్గును?

వయస్సుతోపాటు చదువుపై సహజమైన ఆసక్తి తగ్గుట మన గ్రామములకే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో కొందరు పిల్లలను 9వ ఏటినుండి 17వ ఏటి వరకు గమనించి, 2001లో ప్రకటించిన పరిశోధనలో ఈ ఆసక్తి ఏటేట తగ్గినట్లు తేలెను. గణితములో ఆ తగ్గుదల మిక్కిలి ఎక్కువగా నుండెను. కావున మన పిల్లవాడు లెక్కల పుస్తకమును ప్రక్కకు నెట్టినంతమాత్రమున వానిని సోమరియని తీర్మానింపరాదు. కారణము వెదకవలెను.

మొదటి కారణము, పనిలో అర్థము కానరాకపోవుట. చిన్నపిల్ల దిద్దిన అక్షరము ఆమె స్వంత సృష్టి. దానిని చూచి సంతోషించువారు కలరు. పెద్దవాడు ఎక్కించిన జవాబు ఇతరులది. దాని క్రింద ఎర్రసిరాతో ఒక గీటు తప్ప మరేమియు లభింపదు.

రెండవ కారణము, పునాది లోపము. మూడవ తరగతిలో భాగహారము పట్టుబడని బాలునికి ఏడవ తరగతిలో వడ్డీలెక్క ఇచ్చినచో, అది వానికి ఇంటిపని కాదు, ప్రతి సాయంకాలము జరుగు అవమానము. చదువెరుగని తల్లిదండ్రులు సాయపడలేరు. అడుగుటకు మరియొకరు లేరు.

మూడవ కారణము, తీరిక లేకపోవుట. నీళ్లు మోయుట, అంట్లు తోముట, తమ్ముని ఎత్తుకొనుట ముగియునప్పటికి ఆడపిల్లకు కన్నులు మూతపడును. ఆమె చేయని ఇంటిపనికి బాధ్యత ఆమెది మాత్రమే కాదు.

నాలుగవ కారణము, భయము. చేసినందుకు మెప్పు లేక, చేయనందుకు శిక్ష మాత్రమే ఉన్నచోట ఉత్సాహము నిలువదు.

బహుమానముల సంగతి

'లెక్కలు పూర్తిచేసినచో పది రూపాయలిత్తును' అని ఆశచూపు తండ్రులు కలరు. ఇది మంచి ఉపాయమని తోచును గాని, పరిశోధన మరియొక విధముగా చెప్పుచున్నది. 1973లో అమెరికాలోని ఒక శిశుపాఠశాలలో బొమ్మలు గీయుటయందు ఇష్టముగల పిల్లలను మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు గీసినందుకు బహుమతి ఇత్తుమని ముందుగానే చెప్పిరి. రెండవ జట్టునకు చెప్పకయే, గీసిన పిదప ఇచ్చిరి. మూడవ జట్టునకు ఏమియు ఈయలేదు. కొన్నాళ్లకు మరల రంగుల కలములను వారి యెదుట నుంచినప్పుడు, ముందుగా ఆశచూపబడిన పిల్లలు తక్కిన రెండు జట్ల పిల్లలు వెచ్చించిన కాలములో సుమారు సగము మాత్రమే గీయుటకు వెచ్చించిరి. ఇష్టముతో చేయు పనిని కూలిగా మార్చినచో, కూలి ఆగిననాడు పనియు ఆగునని దీనినుండి గ్రహింపవచ్చును. పిల్లవానికి కావలసినది పది రూపాయలకంటె పది నిమిషములు ప్రక్కన కూర్చుండి చూచు పెద్దదిక్కు.

ఎంత పని తగును?

పని మితిమీరినను ఉత్సాహము చచ్చును. 1987 నుండి 2003 వరకు అమెరికాలో జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి 2006లో ప్రకటించిన సమీక్షలో, ఇంటిపనికిని చదువులో ముందంజకును గల సంబంధము ఏడవ తరగతి మొదలు పై తరగతులలో బలముగాను, చిన్న తరగతులలో స్వల్పముగాను కానవచ్చెను. చిన్నపిల్లలకు పని పెంచినంతమాత్రమున చదువు పెరుగదని దీనివలన ఊహింపవచ్చును.

మన దేశములోను ఈ విషయము చిరకాలముగా చర్చింపబడుచున్నది. ఆచార్య యశపాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1993లో తన నివేదికను సమర్పించి, పిల్లల చదువు బరువును తగ్గింపవలెనని కోరెను. 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన బడిసంచి విధానము ఇంటిపనికి హద్దులు సూచించెను. రెండవ తరగతి వరకు ఇంటిపని ఈయరాదు. మూడు మొదలు ఐదు తరగతుల వారికి వారమునకు రెండు గంటలు మించరాదు. ఆరు మొదలు ఎనిమిది తరగతుల వారికి రోజునకు ఒక గంట, తొమ్మిది మొదలు పండ్రెండు తరగతుల వారికి రోజునకు రెండు గంటలు హద్దు. పలక పట్టిన పసిపిల్ల తనంతట తాను దిద్దుకొనుట వేరు, పది పుటలు వ్రాసి తెమ్మని ఆజ్ఞాపించుట వేరు. 'మా బడిలో ఎక్కువ ఇంటిపని ఇత్తురు, కనుక మంచి బడి' అని భావించు తల్లిదండ్రులకు ఈ తేడాను తెలియజెప్పవలెను.

పల్లెలోనే పాఠము

ఎట్టి పని పిల్లవానికి రుచించును? తన ఇంటికిని, ఊరికిని సంబంధించిన పని రుచించును. ఒక ఉదాహరణము చూతము. అడుగు చదునుగా, ప్రక్కలు నిటారుగానున్న ఒక పాత్రను ఆరుబయట నుంచి, ప్రతి ఉదయము దానిలోని వాననీటి లోతును స్కేలుతో కొలిచి వ్రాసికొమ్మని ఐదవ తరగతి బాలునికి చెప్పవచ్చును. ఎనిమిదవ తరగతి చదువు అక్క ఆ అంకెతోనే ముందుకు సాగును. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది ఒక లీటరు నీరు. ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు. కావున 10 మిల్లీమీటర్ల వాన ఎకరముపై సుమారు 40,470 లీటర్ల నీటిని కురియించును. ఈ లెక్కను తండ్రి ముందుంచిన పిల్లను ఆయన మరునాడు తానే అడుగును: 'నిన్న మన చేనిమీద ఎంత పడెనమ్మా?' అట్లడిగిననాడు ఆ నోటుబుక్కునకు ఒక చదువరి లభించినట్లే. ఇక ఆ పిల్లను కూర్చుండి వ్రాయుమని వేరుగా చెప్పనక్కరలేదు.

అట్లే అవ్వనడిగి ఐదు పొడుపుకథలు వ్రాసి తెచ్చుట, ఇంటి పాలలెక్క వారము రోజులు తానే వ్రాయుట, వీధిలోని చెట్లను లెక్కించి పేర్లు వ్రాయుట వంటివి ఖర్చులేని పాఠములు. పిల్లవాడు ఎదిగినకొలది, మూడు పనులలో తనకు నచ్చిన దానిని ఎంచుకొనుటకు అవకాశమీయవలెను. ఎంచుకొనుటలో బాధ్యత పుట్టును.

చదువురాని తల్లియు ఈ కార్యములో పాల్గొనవచ్చును. 'ఈ దినము బడిలో ఏమి చెప్పిరి? నాకును చెప్పరా' అని అడిగిన చాలును. తల్లికి అర్థమగునట్లు చెప్పుటకు పిల్లవాడు మొదట తాను అర్థము చేసికొనవలెను. పెద్ద విద్యార్థి చిన్నవానికి నేర్పుట మన పూర్వపు వీధిబడులలో నుండినదే. మద్రాసులోని ఒక అనాథ బాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు, ఇక్కడి పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుట చూచి తన పాఠశాలలో ప్రవేశపెట్టెను. పిల్లలచేతనే పిల్లలకు పాఠము చెప్పించి, ఆ పద్ధతిని 1797లో గ్రంథస్థము చేసెను. అది 'మద్రాసు పద్ధతి' యను పేర ఇంగ్లండులో వ్యాపించెను. మన పెరటి చెట్టును మనము మరువనేల?

సభ్యులు చేయదగిన పనులు

ఒకటి: ఇంటిలో చోటు, వెలుతురు లేని పిల్లలకై సామాజిక భవనమునుగాని బడి వరండానుగాని సాయంకాలము గంటన్నర సేపు తెరచియుంచవలెను. మంచి దీపము, త్రాగునీరు, చాపలు చాలును. ఊరిలో చదివిన యువతీయువకులలో ఒకరు పర్యవేక్షింపవలెను. ఆడపిల్లలు క్షేమముగా ఇల్లు చేరుటకు వీధిదీపములు వెలుగుచున్నవో లేవో సభ్యుడు స్వయముగా చూడవలెను.

రెండు: 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టముతో, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేయు పద్ధతి ఏర్పడెను. వసూలైన ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలములో చెల్లింపవలెను. చెల్లించిన పంచాయతీ, తమ ఊరి పిల్లలకు పుస్తకములు కావలెనని తలయెత్తి అడుగగలదు.

మూడు: 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘములో మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులును, మొత్తము సభ్యులలో సగము స్త్రీలును ఉండవలెను. స్థానిక సంస్థల ప్రతినిధికిని అందు స్థానము కలదు. భవనము, సున్నము గురించి మాత్రమే గాక, ఇంటిపని ఎంత, ఎట్టిది, ఎవరు చేయలేకున్నారు, ఏల చేయలేకున్నారు అను ప్రశ్నలను ఆ సమావేశములో అడుగవలెను. ఉపాధ్యాయుని తప్పుపట్టుట కొరకు గాక, ఆయనకు తోడ్పడుట కొరకు అడుగవలెను.

నాలుగు: అదే చట్టములోని 17వ విభాగము పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించుచున్నది. ఇంటిపని చేయని పిల్లవానిని దండించుటకు బదులు, వాని ప్రక్కన కూర్చుండి ఏ లెక్కవద్ద ఆగిపోయెనో కనుగొనవలెను.

ఐదు: సాయంకాలము ఒక గంట ఊరి మైకులు మౌనము వహించునట్లు గ్రామసభలో నిర్ణయము చేయవచ్చును. ఆ గంట ఇంటిలోని టీవీని, చేతిలోని సెల్‌ఫోనును ప్రక్కనుంచుమని తల్లిదండ్రులను కోరవచ్చును. ఈ నియమమును మొదట పాటింపవలసినది సభ్యుల ఇండ్లవారే.

ఇవన్నియు ఒక్కనెలలో జరుగునని మేము చెప్పము. ఒక్కపని మాత్రము నేడే చేయవచ్చును. ఈ సాయంకాలము ప్రతి సభ్యుడును, సభ్యురాలును తమ వార్డులో నడచి, అరుగుమీద వ్రాసికొనుచున్న పెద్దపిల్లవాని ప్రక్కన కొంతసేపు కూర్చుండవలెను. 'ఏమి వ్రాయుచున్నావు నాయనా? నాకు చదివి వినిపింపుము' అని అడుగవలెను. వాడు చెప్పగలిగినచో మెచ్చుకొనవలెను. చెప్పలేక తలవంచినచో, ఆ ఊరిలో ముందుగా చేయవలసిన పని ఏదియో సభ్యునికి అక్కడనే తెలియును.