ఒళ్లు హూనమైతేనే సాధనా? యుద్ధవిద్యల్లో శ్రమకు సరైన కొలత

కరాటే, తైక్వాండో, జూడో, కుస్తీ, కర్రసాము... విద్య ఏదైనా, నేర్పే చోట తరచుగా ఒక మాట వినిపిస్తుంది: ఒళ్లు హూనం కాకపోతే అది సాధనే కాదని. చెమట ధారలు కట్టాలి, మర్నాడు మెట్లు దిగలేకపోవాలి, తప్పు చేస్తే మరో రెండు వందల బస్కీలు తీయాలి. శ్రమ లేకుండా బలం రాదన్నది నిజమే. అయితే ఎంత అలసిపోయామన్నది ఒక లెక్క, ఎంత మెరుగయ్యామన్నది మరో లెక్క. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే చాలా అపోహలు పుట్టాయి. వాటిలో కొన్ని ప్రాణం మీదికి కూడా తెస్తాయి.

చెమటలో పోయేది నీరే

కండరాలు పనిచేసేటప్పుడు వాడే శక్తిలో చాలా భాగం వేడిగా మారుతుంది. చెమట ఆవిరవుతూ ఆ వేడిని బయటికి తీసుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో చెమట త్వరగా ఆరదు. ఒంటి మీంచి కారిపోతుందే తప్ప చల్లబరచదు. అంటే, ఎక్కువ చెమట పట్టినంత మాత్రాన ఎక్కువ కొవ్వు కరిగినట్టు కాదు.

చిన్న లెక్క చూద్దాం. 60 కిలోల మనిషి గంటసేపు గట్టిగా జూడో సాధన చేస్తే సుమారు 600 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అదంతా కొవ్వు నుంచే వచ్చిందనుకున్నా కరిగేది 80 గ్రాముల లోపే. అదే గంటలో లీటరు చెమట పోతే తూకంలో కిలో తగ్గుతుంది. నీళ్లు తాగగానే ఆ కిలో తిరిగి వస్తుంది.

పోటీలో తక్కువ బరువు విభాగంలో దిగాలని నీళ్లు మానేసి, రబ్బరు సూట్లు వేసుకుని చెమట పట్టించడం మరీ ప్రమాదం. రక్తం పరిమాణం తగ్గుతుంది, గుండె మీద భారం పెరుగుతుంది, ఒంట్లో వేడి హద్దు దాటుతుంది. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ క్రీడాకారులు ఇలా బరువు తగ్గే ప్రయత్నంలోనే మరణించారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ కుస్తీలో రబ్బరు సూట్లను, ఆవిరి గదులను నిషేధించారు.

మర్నాటి నొప్పి దేనికి గుర్తు?

వ్యాయామం చేసిన మర్నాడు వచ్చే నొప్పికి లాక్టిక్ ఆమ్లమే కారణమని చాలామంది నమ్ముతారు. నిజానికి సాధన ముగిసిన గంట, రెండు గంటల్లోనే రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి చేరుతుంది. నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్య తీవ్రమవుతుంది. కండర తంతువుల్లో ఏర్పడే సూక్ష్మమైన చిరుగులు, వాటిని బాగుచేసే క్రమంలో వచ్చే వాపు దీనికి ముఖ్య కారణాలు. బస్కీ తీస్తూ కిందికి దిగడం, ఎగిరి తన్నాక నేల మీద కాలు ఆనించడం వంటి పనుల్లో కండరం సాగుతూనే భారం మోస్తుంది. అలాంటప్పుడే ఈ చిరుగులు ఎక్కువ. అదే వ్యాయామాన్ని కొన్ని వారాలు చేస్తే నొప్పి తగ్గిపోతుంది, బలం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి నొప్పి లేని రోజు వృథా పోయినట్టు కాదు.

అలవాటు లేని ఒంటితో ఒకేసారి వందల బస్కీలు తీయిస్తే ఈ నష్టం సూక్ష్మంగా ఉండకపోవచ్చు. కండర కణాలు పెద్ద ఎత్తున పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. దీన్నే రాబ్డోమయోలిసిస్ అంటారు. భరించలేని నొప్పి, వాపు, నీరసంతోపాటు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే మర్దనలతో సరిపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వ్యాయామాన్ని శిక్షగా వేసే అలవాటు మానుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

దెబ్బలు తింటేనే గట్టిపడతారన్న మాటలో సగమే నిజం. క్రమంగా పెరిగే భారానికి ఎముక గట్టిపడుతుంది. మెదడుకు ఆ గుణం లేదు. తలకు తగిలే దెబ్బల ప్రభావం పోగుపడుతుందే తప్ప అలవాటైపోదు. అందుకే రోజువారీ స్పారింగ్‌లో వేగం, దూరం, సమయస్ఫూర్తి నేర్చుకుంటే చాలు. పూర్తి బలంతో కొట్టనక్కర్లేదు.

శ్రమను కొలిచేదెలా?

ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మొదటిది మాటల పరీక్ష. సాధన చేస్తూ మామూలుగా మాట్లాడగలిగితే శ్రమ మధ్యస్థం. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్రం. గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసును తీసేసే సూత్రం ఉన్నా అది సగటు అంచనా మాత్రమే. మనిషికీ మనిషికీ నిమిషానికి పది, పదిహేను స్పందనల తేడా ఉండవచ్చు.

రెండోది, శ్రమకు మార్కులు వేయడం. వ్యాయామంలో మనిషికి తెలిసే శ్రమను అంకెల్లో చెప్పే పద్ధతికి స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ బాట వేశారు. దాని ఆధారంగా అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ తేలికైన లెక్క చూపారు. సాధన ముగిసిన అరగంటకు 'ఎంత కష్టమనిపించింది?' అని అడిగి 0 నుంచి 10 లోపు ఒక అంకె చెప్పించాలి. దాన్ని నిమిషాలతో హెచ్చించాలి. 60 నిమిషాల గట్టి స్పారింగ్‌కు 7 వేస్తే భారం 420. 90 నిమిషాల మెళకువల సాధనకు 3 వేస్తే 270. సమయం తక్కువైనా మొదటిదే ఒంటికి ఎక్కువ భారం.

ఈ అంకెలను రోజూ రాసుకుంటే వారం మొత్తం ఎలా గడిచిందో కనిపిస్తుంది. అయిదు రోజులు సాధన చేసేవారు రెండు రోజులే తీవ్రంగా చేసి, వాటి మధ్య కనీసం ఒక తేలికైన రోజు ఉంచుకోవచ్చు. బలం పెరిగేది విశ్రాంతిలోనే. వారపు భారాన్ని ఒక్కసారిగా పెంచకూడదు. వేసవి మొదట్లో ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది కనుక అప్పుడు మరీ నెమ్మదిగా వెళ్లాలి. సాధనకు ముందూ తర్వాతా తూకం చూసుకుంటే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది. శరీర బరువులో 2 శాతం, అంటే 60 కిలోల మనిషికి 1.2 కిలోలు తగ్గితే ఓపిక పడిపోవడం మొదలవుతుంది.

ఉదయం లేవగానే నాడి కొన్ని రోజులుగా మామూలుకంటే వేగంగా కొట్టుకుంటున్నా, నిద్ర పట్టకపోయినా, ఎంత చేసినా ఆట దిగజారుతున్నా భారం ఎక్కువైందేమో చూసుకోవాలి. గురువు వేసిన అంకె 4, శిష్యులు చెప్పింది 8 అయితే మర్నాటి సాధనను తేలిక చేయడమే మంచిది.