పిల్లలతో సినిమాకు వెళ్లే ముందు

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఇదివరకు పోస్టర్ మీద ఉత్త 'యూ/ఏ' అని ఉండేది. ఇప్పుడు దాని పక్కన 7+, 13+, 16+ అని అంకెలు వస్తున్నాయి. 16+ సినిమాకి మావాణ్ని తీసుకెళ్తే గేటు దగ్గర ఆపేస్తారా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఆపరమ్మా. యూ/ఏ పక్కనున్న అంకె థియేటర్ వాళ్ల కోసం కాదు, మీ కోసం. ఆ వయసు లోపు పిల్లలకు ఈ సినిమా చూపించాలో వద్దో అమ్మానాన్నలే తేల్చుకోవాలని చెప్పడానికే దాన్ని వేస్తారు.

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద చాలాకాలం రెండే సర్టిఫికెట్లు ఉండేవి. అందరూ చూడదగినదానికి యూ, పెద్దలకు మాత్రమే అయితే ఏ. 1983లో ఈ రెండింటి మధ్య యూ/ఏ వచ్చింది. పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఆలోచించుకోవాలన్న హెచ్చరిక అది. డాక్టర్ల వంటి ప్రత్యేక వర్గాల కోసం ఎస్ సర్టిఫికెట్ కూడా అప్పుడే చేరింది. అయితే ఒకటో తరగతి పాపకీ, ఆరో తరగతి బాబుకీ ఒకే హెచ్చరిక ఎలా సరిపోతుంది? అందుకే 2023 చట్ట సవరణలో యూ/ఏని మూడుగా విడగొట్టారు. 2024 నుంచి అది అమల్లోకి వచ్చింది.

గేటు దగ్గర ఎవరూ అడగరు కదా అని మాత్రం తీసుకెళ్లకండి. 16+ అంటే, మీ బాబు ఇంకో ఏడేళ్లు పెరిగాక చూడాల్సిన సినిమా అని దాన్ని పూర్తిగా చూసినవాళ్లు చెప్పిన మాట.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. అభిమాన హీరో సినిమాకి ఏ సర్టిఫికెట్ వచ్చింది. థియేటర్లోకి పంపలేదు. పక్కన మేమిద్దరం ఉన్నా ఎందుకు ఒప్పుకోరు? ఇంటికొచ్చి వాడు ఒకటే ఏడుపు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఏ సర్టిఫికెట్ విషయంలో పెద్దవాళ్లు వెంట ఉన్నారా లేదా అన్న లెక్కే లేదండీ. పద్దెనిమిదేళ్లు నిండాలి, అంతే. నిండనివాళ్లకు ఆ సినిమా చూపించడం చట్టవిరుద్ధం.  దానికి జవాబు చెప్పుకోవాల్సింది మీరు కాదు, సినిమా వేసినవాళ్లు. కాబట్టి గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడితో గొడవ పడటం న్యాయం కాదు. అతను చేసింది మీ పిల్లాడికి మేలే.

'సలార్', 'హిట్ 3' పెద్ద హీరోల సినిమాలే. రెండింటికీ ఏ సర్టిఫికెట్టే వచ్చింది. హీరోని చూసి పిల్లల సినిమా అనుకోకుండా, టికెట్లు బుక్ చేసేటప్పుడే సర్టిఫికెట్ చూసుకోండి. బుకింగ్ యాప్‌లో సినిమా పేరు దగ్గరే అది ఉంటుంది. "ఎవరైనా అడిగితే పద్దెనిమిది అని చెప్పు" అని మాత్రం వాడికి నేర్పకండి. "ఇందులో నరుక్కోవడాలు చాలా ఉన్నాయి నాన్నా, నువ్వు పెద్దయ్యాక ఇద్దరం కలిసి చూద్దాం" అని ఉన్నదున్నట్టు చెప్పండి. కారణం చెబితే పన్నెండేళ్ల పిల్లలు అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: ఈ సర్టిఫికెట్లు ఎవరు, ఏ లెక్కన ఇస్తారు? కొన్ని యూ/ఏ సినిమాల్లో రక్తపాతం చూస్తుంటే వీటిని నమ్మవచ్చా అనిపిస్తోంది.
– ఒక ఉపాధ్యాయురాలు, హైదరాబాద్

జవాబు: మనం సెన్సార్ బోర్డు అనే సంస్థ అసలు పేరు కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి. ముంబైలో ప్రధాన కార్యాలయం, హైదరాబాద్‌తో కలిపి తొమ్మిది ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. ఒక అధికారి, కొందరు సలహా సభ్యులు కలిసి సినిమా మొత్తం చూస్తారు. వాళ్లలో మహిళలు తప్పనిసరిగా ఉంటారు. ఒక్క సన్నివేశాన్ని పట్టుకుని తేల్చకుండా, సినిమా మొత్తంగా చూసేవారి మీద ఎలాంటి ప్రభావం చూపుతుందో, అది నేటి కాలపు ప్రమాణాలకు తగ్గట్టుందో లేదో చూడాలని 1991 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మీ అనుమానానికి జవాబు దీని తర్వాత జరిగేదాంట్లో ఉంది. ఏ వస్తే కుటుంబ ప్రేక్షకులు తగ్గుతారు, వసూళ్లు పడిపోతాయి. అందుకని నిర్మాత కొన్ని షాట్లు కత్తిరించి, కొన్ని మాటలు మ్యూట్ చేసి యూ/ఏ తెచ్చుకోవచ్చు. నిర్ణయం నచ్చకపోతే రివైజింగ్ కమిటీకి వెళ్లవచ్చు. 2021లో అప్పీలు ట్రిబ్యునల్ రద్దయింది కాబట్టి ఆ పైన హైకోర్టే దిక్కు. 2025లో 'కూలీ' నిర్మాతలు ఏ సర్టిఫికెట్ మీద మద్రాసు హైకోర్టుకు వెళ్లినా ఊరట దక్కలేదు.

అంటే కొన్ని యూ/ఏ సినిమాలు 'ఏ' గీతకు కాస్త ఇవతల ఆగినవే. కత్తి దిగే షాట్ పోయినా, పగతో రగిలే కథ అలాగే ఉంటుంది. అందుకే సర్టిఫికెట్‌ను నమ్మండి, కానీ అక్కడితో ఆగకండి. సినిమా చూసొచ్చిన పెద్దవాళ్లను "ఎలా ఉంది?" అని కాకుండా "పిల్లలు భయపడే సీన్లు ఏమున్నాయి?" అని అడగండి. మీ తరగతిలో పిల్లల తల్లిదండ్రులకు కూడా ఈ మాట చెప్పండి.

ప్రశ్న: మనవలు సెలవులకు వచ్చి రోజంతా ఫోన్లో, టీవీలో ఓటీటీ సినిమాలే చూస్తున్నారు. వాటికి సెన్సార్ లేదా?
– ఒక అమ్మమ్మ, గుంటూరు

జవాబు: ఓటీటీలో వచ్చేవాటికి ఆ బోర్డు సర్టిఫికెట్ అక్కర్లేదమ్మా. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ సంస్థలే యూ, 7+, 13+, 16+, ఏ అని వర్గీకరించుకోవాలి. హింస, బూతులు, మత్తు పదార్థాలు వంటివి ఏమున్నాయో కూడా చూపించాలి. 13+ నుంచి పైవాటికి లాక్ పెట్టుకునే వీలు ఇవ్వాలి. ఆ వీలు ఉంది గానీ, లాక్ దానంతట అది పడదు. మీ అమ్మాయి వచ్చినప్పుడు పిల్లలకు వేరే ప్రొఫైల్ పెట్టించి, పెద్దవాళ్ల ప్రొఫైల్‌కి పిన్ పెట్టించండి. ఆ నంబరు పిల్లల ముందు నొక్కకండి. వీలైతే ఫోన్లు తీసి పెట్టి, హాల్లో టీవీలో మీరూ కూర్చుని చూడండి. మీరు పక్కన ఉంటే వాళ్లు ఎంచుకునే సినిమాయే మారిపోతుంది.

ప్రశ్న: ఒక యూ/ఏ సినిమా చూసొచ్చినప్పటి నుంచి మా ఆరేళ్ల పాప రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తోంది. బాత్రూంకి ఒంటరిగా వెళ్లడం లేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: "ఉత్త సినిమానే కదే, భయమెందుకు?" అనకండి తల్లీ. ఆ వయసులో తెర మీద జరిగేది వేరు, నిజం వేరు అన్న గీత ఇంకా గట్టిపడదు. ఏ సీన్ గుర్తొస్తోందో పగటిపూట, ఒళ్లో కూర్చోబెట్టుకుని అడగండి. చెప్పలేకపోతే బొమ్మ గీయమనండి. రక్తం అంటే ఎర్ర రంగు అనీ, చనిపోయిన మనిషి షూటింగ్ అయ్యాక లేచి ఇంటికెళ్లి అన్నం తిన్నాడనీ చెప్పండి. కొన్నాళ్లు చిన్న లైటు వేసి ఉంచండి, పక్కనే పడుకోండి. వారాలు గడిచినా తగ్గకపోతే, తిండి, బడి దెబ్బతింటుంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఈసారి సినిమాకి వెళ్తే చివరి సీట్లు తీసుకోండి. హాల్లో పిల్లలను చాలాసార్లు ముందు భయపెట్టేది బొమ్మ కాదు, శబ్దం. పాప చెవులు మూసుకున్నా, మొహం మీ భుజంలో దాచుకున్నా ఇక చాలని మీకు చెబుతున్నట్టే. టికెట్ డబ్బులు పోతాయని ఆగకండి. వెంటనే లేచి బయటికి వచ్చేయండి.