రోగి ప్రక్కన కూర్చున్నవారు

మూడు సంవత్సరముల క్రిందట నా తరగతిలో నొక బాలిక మొదటి గంటలోనే కునుకుచుండెడిది. రెండుమార్లు మందలించితిని. మూడవమారు బెంచిపై నిలువబెట్టితిని. ఆ సాయంకాలము ఆమె మేనత్త వచ్చి చెప్పువఱకు నాకు సంగతి తెలియలేదు. తల్లికి క్యాన్సరు. రాత్రులు మందులిచ్చుట, ప్రక్క మార్చుట, వాంతి యైనప్పుడు పళ్లెము పట్టుట ఆ పదునాలుగేండ్ల పిల్ల పనియే. తండ్రికి రాత్రికాపలా యుద్యోగము. నేనా దినమును మఱవలేదు. ఈ వ్యాసమునకు కారణమదియే.

విద్యార్థులారా, రోగమనగానే మనము రోగినిగూర్చి యడుగుదుము. ప్రక్కనున్నవారి నడుగము. అమెరికాలో షుల్జ్, బీచ్ అను నిరువురు పరిశోధకులు 1999వ సంవత్సరమున ఒక లెక్క ప్రకటించిరి. జబ్బుపడిన భార్యకో భర్తకో పరిచర్య చేయుచు ఆ భారమున నలిగిపోవుచున్న వృద్ధులకు, అట్టి పరిచర్య లేని వృద్ధులకన్న నాలుగేండ్లలో మరణించు నపాయము నూటికి 63 పాళ్లు హెచ్చుగా నుండెనట. అది క్యాన్సరు రోగుల కుటుంబములను మాత్రమే చూచిన లెక్క కాదు. అయినను పరిచర్య దేహమునుగూడ నరుగదీయగలదని దానివలన తెలియుచున్నది.

అరుగదీయునది పని యొక్కటియే కాదు. చేయి గంజి త్రాగించుచుండగా, మనస్సు రేపటి పరీక్షాఫలితము చుట్టును, అప్పుచుట్టును, ముందే డాక్టరుకు చూపియుండిన బాగుండెడిదను పశ్చాత్తాపము చుట్టును గానుగెద్దువలె తిరుగుచుండును. ఒక్క రాత్రి పది రాత్రులగును.

దీని కొక యభ్యాసము కలదు. నేడు మైండ్‌ఫుల్‌నెస్ అనుచున్నారు. మనము ఎఱుక యనవచ్చును. బౌద్ధుల ధ్యానమార్గమున దీనికి మూలమున్నది. పాళీ భాషలో సతి యందురు. జాన్ కబాట్-జిన్ అను నాయన 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో, ఏ మతముతోను నిమిత్తము లేకుండ, దీర్ఘకాలము బాధపడు రోగులకు దీనిని నేర్ప నారంభించెను. పాఠక్రమము ఎనిమిది వారములు.

గంజి త్రాగించునప్పుడు గిన్నె వేడిమి అఱచేతికి తగులుట గమనింపవలెను. చెంచాను, పెదవిని, మ్రింగుటను చూడవలెను. మనస్సు పరుగెత్తును. పరుగెత్తినదని గుర్తించి, తన్ను తాను తిట్టుకొనక, దానిని చెంచాయొద్దకు మరల తేవలెను. నూఱుమార్లు పోయిన నూఱుమార్లు తేవలెను. ఆ తెచ్చుటయే అభ్యాసము. చేతిలో పని లేనప్పుడు శ్వాస చాలును. భయము కలిగిన "ఇది భయము" అని పేరు పెట్టి చూడవలెను. ఏడ్పు వచ్చిన నాపుకొన నక్కఱలేదు. కదలక కూర్చుండుటచే కొందఱికి దుఃఖము హెచ్చును. అట్టివారు దానిని మాని నాలుగడుగులు నడచుట మేలు.

కెనడాలోని కాల్గరీ నగరమున క్యాన్సరు రోగులును వారి జీవితభాగస్వాములును, 21 జంటలు, కలిసి యిట్లభ్యసింపగా నిరువురికిని మనఃక్లేశము తగ్గినదని 2010లో ప్రకటించిరి. 21 జంటలనగా చిన్న లెక్కయే. ఎఱుక రోగమును కుదుర్చునని యెవరైన చెప్పిన నమ్మవలదు.

నా మట్టుకు వేఱొక మాటగూడ చెప్పవలసియున్నది. మూడు రాత్రులు నిద్రలేనివానికి శ్వాసను గమనింపుమనుట, ఆకలిగొన్నవానికి మెల్లగా నమలుమనుట వంటిది. ముందు అన్నము కావలెను. పరిచారకునకు ఒక రాత్రి నిద్ర కావలెను. అనగా నింకొకరు వచ్చి కూర్చుండవలెను. కేరళలోని కోళిక్కోడున 1993లో రోగుల బాధోపశమనమునకై యొక సంఘ మేర్పడెను. పిమ్మట ఇరుగుపొరుగువారికే శిక్షణ యిచ్చి రోగుల యిండ్లకు పంపు పద్ధతి ఆ రాష్ట్రమున వ్యాపించెను. మన వీధులలో నిది యేల జరుగదో నాకు బోధపడదు.

ఆ బాలిక మేనత్త వారమునకు మూడు రాత్రులు వచ్చి పండుకొన నారంభించెను. మొదటి గంటకు రానక్కఱలేదని నేను చెప్పితిని. చెంచా సంగతియు ఆమెకు చెప్పితిని, నవ్వినది. తల్లి ఆ వేసవిలో కన్నుమూసెను. పాఠశాల తెఱచిన తరువాత నొకనాడు ఆ పిల్ల నాయొద్దకు వచ్చి, ఆ సంవత్సరపు పాఠములలో ఒక్కటియు జ్ఞాపకము లేదనియు, గంజి మ్రింగునప్పటి అమ్మ ముఖము మాత్రము బాగుగా జ్ఞాపకమున్నదనియు చెప్పినది.